ఈ ఏడాదికి మాత్రం మసి రంగున

(మేనమామ తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మేనకోడలు జపాను భాష నేర్చుకుని అక్కడి కవితల్ని తెలుగులోకి తెస్తోంది. వచ్చే వారం ఒక సాహిత్య సభలో ఆయన జపాను కవిత్వం మీద మాట్లాడాలి. రాసుకున్న కాగితాలు ఆమెకి ఇచ్చి చూడమన్నారు.)

మేనకోడలు: మామయ్యా, మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. "జపాను సాహిత్యంలో ప్రకృతి మనిషి మనసుకు అద్దం" అని రాశారు. అది కొట్టేయండి.

మేనమామ: అది కొట్టేస్తే ఇంకేం మిగులుతుందమ్మా? అసలు అది నా సొంత మాట కూడా కాదు. 905 ప్రాంతంలో దైగో చక్రవర్తి ఆజ్ఞతో 'కొకిన్‌షూ' అనే కవితా సంకలనం చేశారు కదా. దాని పీఠికలో, కూర్చినవాళ్ళలో ఒకడైన కి నో త్సురయుకి ఏమన్నాడు? మన కవిత్వానికి మనిషి హృదయమే విత్తనం, వేనవేల మాటలు దాని ఆకులు అన్నాడు. పూలలో కూసే పిట్టనీ, నీళ్ళలో కప్పనీ వింటే పాట పాడని ప్రాణి ఏదుంది అని అడిగాడు. కవిత్వం అంటే ఏమిటో చెప్పడానికే ఆయనకి విత్తనం, ఆకు కావాల్సొచ్చాయి.

మేనకోడలు: ఆ రెండింటి మధ్య ఉన్న వాక్యం మీరు వదిలేశారు. మనిషి తన మనసులో ఉన్నదాన్ని కంటికి కనిపించేవాటికీ చెవికి వినిపించేవాటికీ తగిలించి చెప్తాడు అన్నాడు. మూలంలో 'త్సుకెతె' అనే మాట ఉంది. తగిలించడమే. చొక్కాని కొక్కేనికి తగిలిస్తాం. అంతమాత్రాన కొక్కెం చొక్కాకి అద్దమవుతుందా?

మేనమామ: సరే, కొక్కెం అనే అనుకుందాం. ఒనో నో కొమచి అనే కవయిత్రి కవిత చూడు. నువ్వు అనువాదం చేసిందే.

"పూల రంగు వెలిసిపోయింది,
ఊరికే,
ఎడతెరిపి లేని వానని చూస్తూ
నేను రోజులు వెళ్ళదీస్తుండగా."

దీన్ని నాకు వివరించింది కూడా నువ్వే. 'ఫురు' అంటే వాన కురవడం, కాలం గడిచిపోవడం. 'నగమె' అంటే ఎడతెగని వాన, ఎటో చూస్తూ ఆలోచనలో పడటం. 'ఇరో' అంటే రంగు, ఆడదాని అందం కూడా. ఒక్క కవిత రెండు కథలు చెప్తోంది. ఒకటి వానకి పాడైన పూలది, రెండోది కూర్చుని కూర్చుని వయసు మీరిన మనిషిది. ఏది ముందు, ఏది వెనక? విడదీయి చూద్దాం. మన శ్లేష కావ్యాల్లో రెండర్థాలు పక్కపక్కన నడుస్తాయి, పండితుడు వేరుచేసి చూపిస్తాడు. ఇక్కడ వేరు చేశావంటే కవితే ఉండదు. ఇంకో సంగతి. దీన్ని కొకిన్‌షూలో ఎక్కడ పెట్టారు?

మేనకోడలు: వసంతం రెండో భాగంలో. రాలే పూల కవితల మధ్య.

మేనమామ: ప్రేమ కవితలకి విడిగా ఐదు సంపుటాలున్నాయి. అక్కడ పెట్టలేదు! సంకలనం చేసినవాళ్ళకి ఆ మనిషి, ఆ పువ్వు వేర్వేరుగా కనిపించలేదన్నమాట. దీన్ని అద్దం అనకపోతే ఏమంటావు?

మేనకోడలు: నాకూ ఇది ప్రాణంతో సమానమైన కవితే మామయ్యా. అనువాదంలో ఆ 'నగమె' పోయిందని ఇప్పటికీ బాధపడతాను. కానీ మీరు చూపించింది భాషలో ఉన్న అదృష్టం. వానకీ చూపుకీ ఒకే శబ్దం దొరికింది. 'మత్సు' అంటే పైన్ చెట్టు, ఎదురుచూడటం కూడా. 'అకి' అంటే శరత్తు, మొహం మొత్తడం కూడా. దాంతో ఎవరైనా ప్రేమికుడి కోసం ఎదురుచూస్తుంటే పక్కన పైన్ చెట్టు మొలవాల్సిందే. వాడికి విసుగు పుడితే శరదృతువు రావాల్సిందే. ఇందులో నిజమైన పైన్ చెట్టు ఎక్కడుంది? ఎవరు దాని బెరడు ముట్టుకున్నారు?

వేసవి సంగతి చూడండి. అప్పటి రాజధాని క్యోటో చుట్టూ కొండలు, మధ్యలో పళ్ళెంలా ఊరు. వేసవిలో ఉక్కకి ఊపిరాడదు. కొకిన్‌షూలో వసంతానికి రెండు సంపుటాలు, శరత్తుకి రెండు, వేసవికి ఒకటే. అందులో ఉన్నవి 34 కవితలు, వాటిల్లో చాలావరకు హొతొతొగిసు అనే కోకిల జాతి పిట్ట గురించే. చెమట లేదు, దోమ లేదు, ఎండకి మాడిన మడి లేదు. కొలువులో ఉన్నవాళ్ళకి ఏది అందమో అదే ప్రకృతి అయింది. అద్దం అంటే ఎదురుగా ఉన్నదంతా చూపించాలి కదా!

మేనమామ: మన ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనలు లెక్క ప్రకారం రాలేదా? విరహం అనగానే వెన్నెల, మలయమారుతం రాలేదా? భావాన్ని రగిలించేది కాబట్టి ఉద్దీపన విభావం అని దానికో పేరు కూడా పెట్టుకున్నాం. అంతమాత్రాన అవన్నీ అబద్ధాలా? పదిమందికి తెలిసిన గుర్తులుంటేనే పదిమందికి అర్థమవుతుంది. ఏడుపు గురించి చెప్పడానికి 'తడిసిన అంగీ చేతి అంచు' అంటే చాలు అన్నంతగా ఒక సమాజం శిక్షణ పొందిందంటే నాకది గొప్పగానే అనిపిస్తుంది.

మేనకోడలు: ఆధునిక హైకూ కవి మసఓక షికికి అలా అనిపించలేదు. 1898లో పత్రికలో వరుసగా లేఖలు రాశాడు. త్సురయుకి చేతకాని కవి, కొకిన్‌షూ పనికిమాలిన సంకలనం అని మొహం మీదే అన్నాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు గీయండి అన్నాడు. ఆయనకంటే రెండు వందల ఏళ్ళ ముందే హైకూ కవి బషో తన శిష్యులకి చెప్పిన మాటొకటి దోహో అనే శిష్యుడు రాసిపెట్టాడు. పైన్ గురించి పైన్ దగ్గరే నేర్చుకో, వెదురు గురించి వెదురు దగ్గరే నేర్చుకో అని. నీ సొంత ఊహలు పక్కన పెట్టి వెళ్ళు అని దాని అర్థం. అద్దంలో చూసుకునేవాడు చేసే పనికి ఇది సరిగ్గా తలకిందులు.

మేనమామ: ఆ బషోనే 1689లో హిరయిజుమి అనే ఊరు వెళ్ళి, పాత కోట ఉన్నచోట పెరిగిన గడ్డి చూసి, టోపీ కింద పెట్టుకుని కూర్చుని, పొద్దు తెలియకుండా ఏడ్చాడు. "వేసవి గడ్డి, వీరుల కలలకి మిగిలిన జాడ" అన్నాడు. గడ్డి దగ్గర గడ్డి గురించే నేర్చుకున్నాడా?

మేనకోడలు: ఆ గడ్డి ఏడవలేదు మామయ్యా. పచ్చగా ఏపుగా ఉంది. అందుకే ఆయన ఏడ్చాడు.

మేనమామ: (కొంచెంసేపు ఆగి) షికి అన్నావు కదా. ఆయన్నే తీసుకో. వెన్నెముకకి క్షయ పట్టి ఏళ్ళ తరబడి మంచం మీద పడున్నాడు. 1900లో రాసింది: "కోడిజుట్టు పూలు పద్నాలుగో పదిహేనో ఉండి ఉంటాయి." అంతే. ఇందులో ఉపమానం లేదు, శ్లేష లేదు. నీకు నచ్చినట్టే ఉంది. మరి నాకెందుకు గుండె పట్టేసింది? 'ఉండి ఉంటాయి' అన్నాడు. లెక్కపెట్టలేదు. లేచి వెళ్ళి లెక్కపెట్టే ఓపికే ఉంటే ఆ మాట అక్కడ ఉండదు.

మేనకోడలు: ఆయన జబ్బు సంగతి తెలుసు కాబట్టి మీరలా చదివారు. తెలియకపోతే అవి పూలు, ఒక అంకె. ఆయన దగ్గరి శిష్యులే తాము ఎంపిక చేసిన సంపుటంలో దీన్ని చేర్చలేదు. ఇందులో ఏముందిలే అనుకున్నారేమో.

మేనమామ: వాళ్ళు అనుకుంటే అనుకోనీ. అంతకు నాలుగేళ్ళ ముందు ఇంకోటి రాశాడు: "ఎన్నిసార్లో అడిగాను, మంచు ఎంత మందాన పడిందని." కురిసే మంచుని కిటికీ దగ్గరికి వెళ్ళి చూడలేనివాడు ఇంట్లోవాళ్ళని పదేపదే అడుగుతున్నాడు. ఆ మంచు లోతు ఎవరికి కావాలి? ఆ అడగడమే కవిత.

మేనకోడలు: దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ చూడండి, ఇందులో మంచు ఆయన మనసు కాదు. ఆయనకి అందనిది. మీరు అద్దం అంటున్న చోటల్లా నాకు గోడ కనిపిస్తోంది. దానికి ఇటు మనిషి, అటు మంచు.

మేనమామ: గోడ. సరే, నా సంగతొకటి చెప్తాను. మీ అత్తయ్య పోయిన ఏడాది, పెద్దకర్మ కూడా కాకుండానే వాకిట్లో పారిజాతం విరగబూసింది. పొద్దున్నే గడప ముందు పరుచుకున్న పూలు చూస్తే ఒళ్ళు మండిపోయింది. చీపురు తీసుకుని ఊడ్చిపారేశాను. రోజూ వాటిని ఏరుకుని దేవుడికి పెట్టింది ఆవిడే. నీకింత సిగ్గు లేకుండా ఎలా పూయాలనిపించింది అని చెట్టుని అడిగాను. పైకే అన్నాను.

మేనకోడలు: నాకెప్పుడూ చెప్పలేదు.

మేనమామ: చెప్పుకునేదా ఇది? తర్వాత నువ్వు పంపిన కాగితాల్లో కొకిన్‌షూ శోకగీతాల సంపుటం చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. 891లో ఫుజివర నో మొతొత్సునె అనే మహామంత్రి పోతే, మినెఓ అనే కవి రాసింది.

"ఫుకకుస పొలాల చెర్రీ చెట్లారా,
మీకూ మనసనేది ఉంటే
ఈ ఏడాదికి మాత్రం
మసి రంగున పూయండి."

మసి రంగంటే అక్కడ మైలబట్టల రంగు. వెయ్యేళ్ళకి పైబడిన కవిత. నా వాకిట్లో నేనన్న మాటే ఇది.

మేనకోడలు: మామయ్యా, బాధపడకండి కానీ, ఈ కవిత నా వైపు సాక్ష్యం. 'మనసనేది ఉంటే' అన్నాడు. లేదని తెలుసు. ఆ ఏడూ పూలు తెల్లగానే పూశాయి. అత్తయ్య పోయినా పారిజాతం పూసింది. చెట్టు మీ మనసుకి అద్దమైతే ఆ రోజు ఎండిపోయి ఉండాలి.

మేనమామ: ఎండిపోయి ఉంటే నేను ఊడ్చేవాణ్ణి కాదు. కోపం వచ్చేది కాదు. ఆ కోపం వచ్చేదాకా నేను ఏడవలేదు తల్లీ. పదిమంది వచ్చి ఓదారిస్తే రాని ఏడుపు ఆ చెట్టు దగ్గర వచ్చింది. నువ్వు కొక్కెం అను, గోడ అను. నాది నాకు కనిపించింది అక్కడే.

(ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.)

మేనకోడలు: ఆ కవితని మురసకి షికిబు అనే రచయిత్రి తన నవల 'గెంజి గాథ'లో వాడుకుంది, తెలుసా? ఫుజిత్సుబో చనిపోయినప్పుడు. ఆవిడ గెంజి తండ్రికి భార్య. గెంజి ఆవిణ్ణి రహస్యంగా ప్రేమించాడు. పైకి ఏడవడానికి లేదు. ఇంటి ముందున్న చెర్రీ చెట్టు చూసి "ఈ ఏడాదికి మాత్రం" అని గొణుక్కున్నాడు. మూడే మాటలు. చదువుకున్నవాళ్ళకి మిగతాది తెలుసు. తర్వాత ఎవరైనా చూస్తే అనుమానిస్తారని పూజగదిలోకి వెళ్ళి రోజంతా ఏడ్చాడు.

మేనమామ: పదిమందికి తెలిసిన గుర్తులు! ఇందాక కొలువు వాళ్ళ అలంకారాలని కొట్టిపారేశావు. చూశావా, నోరు విప్పలేనివాడికి అవి ఎలా ఆదుకున్నాయో. ఆ సాయంత్రం కొండ మీద పలచటి మబ్బు అతని మైలబట్టల రంగులో కనిపిస్తుంది కూడా. ఆ అధ్యాయానికి పేరే 'పలచని మబ్బు'.

మేనకోడలు: నా అంగీ చేతి అంచు రంగుతో పోటీ పడుతోందా ఈ మబ్బు అని కవిత చెప్తాడు. వెంటనే కథకురాలు ఏమంటుందో తెలుసా? అక్కడ వినేవాళ్ళు ఎవరూ లేరు, చెప్పి లాభం లేకపోయింది అంటుంది. మబ్బు కూడా వినలేదు.

మేనమామ: నువ్వు విన్నావుగా. నేను విన్నాను.

మేనకోడలు: ఆ మాటకి నేను ఎదురు చెప్పలేను. కానీ ఒక్క కవిత చూడండి, చివరిది. హైకూ కవి కొబయషి ఇస్సాది. 1819లో ఆయన కూతురు సతో మశూచితో పోయింది. ఏడాది దాటిన పిల్ల. లోకం మంచుబొట్టు లాంటిది, ఎండ పడితే ఆరిపోతుంది అని బౌద్ధులు చెప్పిన మాట ఆయనకి తెలుసు, కంఠతా వచ్చు.

"త్సుయు నో యో వ
త్సుయు నో యో నగర
సరినగర."

మంచుబొట్టు లోకం, మంచుబొట్టు లోకమే అని రెండుసార్లు అన్నాడు. మూడో పాదంలో ప్రకృతి లేదు. 'సరినగర', అయినాసరే అని ఒక్క మాటే. పోలిక పనిచేయడం మానేసిన చోట తండ్రి మిగిలాడు. నా వాదనంతా ఆ మూడో పాదమే.

మేనమామ: ఆ మంచుబొట్టు లేకుండా 'అయినాసరే' అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? దేనికి ఎదురు తిరుగుతున్నాడో తెలియాలి కదా. మొదటి రెండు పాదాలు తీసేయి, చూద్దాం.

మేనకోడలు: తీయలేను.

మేనమామ: ఎలా తెలుగు చేశావు?

మేనకోడలు: ఇంకా చేయలేదు. 'నగర' అనే చప్పుడు రెండు పాదాల చివర్లోనూ వస్తుంది. 'అయినప్పటికీ' అంటే ఆఫీసు ఉత్తరంలా ఉంది. 'అయితేనేం' అంటే పోట్లాటలా ఉంది. ఆరు నెలలుగా కాగితం మీద అలాగే ఉంది.

మేనమామ: "మంచుబొట్టు లోకం, మంచుబొట్టు లోకమే అయినా, అయినా గానీ." అలా అంటే?

మేనకోడలు: (రాసుకుంటూ) అయినా, అయినా గానీ... చివర చుక్కలు పెట్టనా?

మేనమామ: వద్దు. అలాగే వదిలెయ్.