మా డబ్బాలో అన్నీ ఉంటాయి, ఉత్తరం తప్ప

అనంతపురంలో మా అపార్ట్‌మెంట్ కింద, కరెంటు మీటర్ల పక్కన వరసగా పోస్టు డబ్బాలుంటాయి. మాది పన్నెండో నంబరు. గొళ్లెం ఊడి రెండేళ్లయింది. నిన్న తెరిస్తే ట్యూషన్ పాంప్లెట్లు నాలుగు, వాటర్ క్యాన్ వాళ్ల కార్డు, ఎవరో తిని కుక్కిన వక్కపొడి పొట్లం. అన్నిటి అడుగున ఇన్సూరెన్స్ నోటీసు. గడువు పోయిన నెలే అయిపోయింది!

వాచ్‌మన్‌ను అడిగితే, "ఈ కాలంలో ఉత్తరాలెవరు రాస్తారు సార్, అంతా ఫోన్లోనే కదా" అన్నాడు. ఫోన్లో మాత్రం ఏముంది? జీమెయిల్ ఉచితంగా ఇచ్చిన 15 జీబీ లోన్ ఆఫర్లతోనే నిండిపోయింది. డబ్బా కొత్తదైనా చెత్త అదే.

మా ఊళ్లో వేపచెట్టు కింద ఎర్ర డబ్బా ఉండేది. వాన పడకుండా నోటి మీద చిన్న చూరు, తపాలా ఎప్పుడు తీస్తారో చెప్పే తెల్ల రేకు. మా అవ్వ కార్డు వేశాక చెయ్యి లోపలికి దూర్చి, పడిందో లేదో తడిమి చూసేది. కార్డు ఖరీదు అర్ధ రూపాయే అయినా అందులో పాంప్లెట్ వేసే ధైర్యం ఎవరికుండేదప్పా!

సరేనని పొద్దున కొత్త గొళ్లెం బిగించి, తాళం వేశాను. సాయంత్రానికి ఆ తాళం మీదే బంక పూసి అతికించారు, స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుల కాగితం.