కోర్టు గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ కోర్టు గారికి,

ఒక తెలుగు పాఠకుడు నమస్కరించి రాసుకునే అర్జీ. ఇందులో న్యాయమూర్తుల ఊసు లేదు గనుక ధిక్కారం కిందకు రాదని ముందుగానే మనవి. నేను రాస్తున్నది ఎర్ర భవనానికి కాదు, ఇంగ్లీషు నిఘంటువులో నాలుగు ఇళ్లు కట్టుకుని కాపురముంటున్న తమరి పేరుకు.

మా వైపు మీరంటే నల్లకోటు, వాయిదా, స్టాంపు కాగితం. మీకు ఇంకో సంసారం ఉందని ఇంగ్లీషు నవలలు పట్టుకున్నాకే తెలిసింది. అందులో ఒక యువకుడు ఒక యువతిని ‘కోర్ట్’ చేస్తుంటాడు. పాపం, ఆ పిల్ల మీద కేసు పెట్టాడేమో అనుకుంటాం. అనుమానం తీరకముందే అతన్ని ‘సూటర్’ అంటారు. దావా వేసినవాడికీ ఆ పేరే ఉంది. అతని ప్రేమ విన్నపం ‘సూట్’, పొలం గట్టు తగాదాలో వేసే దావా ‘సూట్’, ఒంటికి తొడుక్కునేదీ సూటే, పేకముక్కల్లో ఇస్పేటు, ఆఠీను, కళావరు కూడా సూట్లే. వీటన్నిటి వెనకా ఉన్నది వెంబడించడం అనే అర్థమున్న లాటిన్ మాట. వెంటపడేవాడికి ఇంగ్లీషువాళ్లు ఇంత గౌరవమైన పేరు పెట్టుకున్నారు. హైదరాబాదులో అదే పని చేస్తే 2014 నుంచి షీ టీమ్ వాళ్లు వచ్చి పట్టుకుపోతున్నారు.

మీ పూర్వోత్తరాలు తిరగేస్తే మరీ విడ్డూరం. లాటిన్‌లో మీ మూలపురుషుడు దడి కట్టిన పెరడు, పశువుల దొడ్డి. దొడ్డి ప్రాంగణమైంది, ప్రాంగణం రాజుగారి కొలువైంది, కొలువులో తీర్పులు చెప్పేవారు గనుక న్యాయస్థానమూ అయింది. ఆ కొలువులోనే రాజుగారి చుట్టూ తిరిగి, నడుము వంచి, లేని సుగుణాలు ఉన్నట్టు పొగిడి పని చక్కబెట్టుకునే విద్య ఒకటి ఉండేది. పదహారో శతాబ్దంలో అది ఆడపిల్ల గుమ్మం దాకా వచ్చి, ప్రేమ అనిపించుకుంది. వగలాడిని వాళ్లు ‘కొకెట్’ అంటారు. దానికి మూలం ఫ్రెంచి కోడిపుంజు. దొడ్డిలో పుట్టిన మీకు కోడి చుట్టం కావడంలో వింతేమీ లేదు లెండి.

పోనీ, ప్రేమికుణ్ణి గుమ్మం దగ్గర దిగబెట్టి మీ దారిన మీరు పోయారా? లేదు. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పితే ఇంగ్లండులో ఒకప్పుడు అది ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. పరిహారం కోసం దావా వేసేవారు. ప్రేమలేఖలు సాక్ష్యాలు. అర్ధరాత్రి దీపం వెలుగులో రాసుకున్న ‘నా ప్రాణమా’ను ప్లీడరు గారు గొంతు సవరించుకుని జూరీకి చదివి వినిపించేవాడు. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన ఏర్పాటు ఒకటుంది. 1869లో చట్టం మార్చేదాకా ఈ దావాల్లో వాది, ప్రతివాది సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. పనిమనిషి చెప్పవచ్చు, మేనత్త చెప్పవచ్చు, పక్కింటివాళ్లు చెప్పవచ్చు. ప్రేమించుకున్న ఆ ఇద్దరు మాత్రం నోరు మూసుకుని కూర్చోవాలి. మన పెళ్లిచూపులకు పేరు పెట్టేవాళ్లు ఇది ఒకసారి చదవాలి.

అలాగని ఆ దావాలు దండగ అని కాదు. 1913లో డైసీ మార్కమ్ అనే నటికి నార్తాంప్టన్ మార్క్విస్ బిరుదున్న ప్రభువు ఇచ్చుకున్నది 50,000 పౌండ్లు. చివరికి 1970లో చట్టం చేసి, పెళ్లి మాట ఇకపై ఒప్పందం కాదన్నారు. అదే చట్టంలో ఉంగరం సంగతీ తేల్చారు. సంబంధం చెడినా ఉంగరం అమ్మాయిదే, తిరిగి ఇవ్వాలనే షరతు మీదే ఇచ్చానని అబ్బాయి రుజువు చేస్తే తప్ప. కాబట్టి మోకాళ్ల మీద కూర్చునేటప్పుడు జేబులో ఉంగరంతో పాటు పక్కన ఒక సాక్షి సంతకం కూడా ఉండటం మేలు.

మీ మరో వేషం మాకు బాగా తెలిసిందే. 1930లో ఉప్పు వండి జైళ్లు నింపినవాళ్లు ఇంగ్లీషులో అరెస్టును ‘కోర్ట్’ చేసినవాళ్లు, అంటే కోరి తెచ్చుకున్నవాళ్లు. సంకెళ్లకే ప్రేమలేఖ రాసిన ఆ తరానికి దండం పెడతాను. అయితే కలెక్టరేటు ముందు పదకొండింటికి బైఠాయించి, ఫోటోగ్రాఫరు వచ్చాక పోలీసు వ్యానెక్కి, సాయంత్రం టీ వేళకు సొంత పూచీకత్తు మీద ఇంటికి చేరే నాయకుడికీ మర్నాటి ఇంగ్లీషు పత్రికలో అదే క్రియాపదం దక్కుతోంది. ఇంత చప్పున ఫలించిన ప్రేమ మరొకటి నేను చూడలేదు.

టెన్నిస్ ఆడే చోటూ మీరే. అక్కడ ‘లవ్’ అంటే సున్నా అని అంపైరు మైకులో చెబుతాడు. దాని గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ప్రేమ కోసం వెంట తిరగడానికే మీకంటే పాత మాట ‘వూ’ ఒకటుంది, దాని పుట్టుక ఎవరికీ తెలియదు. ప్రస్తుతం ఆ అనాథ ప్రేమికులను వదిలేసి పెట్టుబడిదారుల వెంట, ఎన్నికలప్పుడు ఓటర్ల వెంట తిరుగుతోంది.

ఇక నా ప్రార్థన. తమరు నవలల్లోనే సుఖంగా ఉండండి, మా పెళ్లిళ్ల జోలికి మాత్రం రావద్దు. మీ బంధువు ‘ఎంగేజ్‌మెంట్’ ఇప్పటికే వచ్చి నిశ్చితార్థాన్ని ఆహ్వానపత్రికల నుంచి గెంటేసింది. సైన్యాలు తలపడటాన్ని కూడా ఇంగ్లీషులో అలాగే అంటారని వియ్యంకులకు మేము చెప్పలేదు. లాంఛనాల జాబితా చదివేటప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

ఇట్లు,
దావా వేసే ఉద్దేశం ఏ అర్థంలోనూ లేని
తమ విధేయుడు