మూడు లక్షల ఢిల్లీ కారు

"ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కారంటే తుక్కే. పన్నెండు లక్షల బండిని మూడు లక్షలకే ఇచ్చేస్తున్నారు. ట్రైన్‌లో వెళ్లి నడుపుకుంటూ తెచ్చుకోండి. ఏడాది దాకా ఎవరూ అడగరు. తర్వాత పదిహేను వేలు పడేస్తే టీజీ నంబరు వచ్చేస్తుంది." ఈ మెసేజ్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులోనే మూడుసార్లు తిరిగింది. మా బావగారు దీన్ని నమ్మి ఢిల్లీలోని కరోల్‌బాగ్ వెళ్లి మరీ బండి తెచ్చారు. కాబట్టి ఇందులో ఏది నిజమో, ఏది కాదో మా ఇంట్లో అందరికీ బాగానే తెలిసింది.

"ఢిల్లీలో తుక్కే" అన్న మాట సగమే నిజం. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు అక్కడ తిరగకూడదని పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ ఔనంది. 2025 జులై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఆయిల్ కూడా పోయొద్దన్నారు. జనం గోల పెట్టడంతో రెండు మూడు రోజుల్లోనే ఆపేశారు. ఆగస్టులో సుప్రీంకోర్టు, వయసు ఒక్కటే చూసి ఓనర్ల మీద కఠిన చర్యలు వద్దంది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4 (బండి పొగకు పెట్టిన కాలుష్య ప్రమాణం), ఆపై బండ్లకు పరిమితం చేసింది. ఢిల్లీకి బీఎస్-4 వచ్చింది 2010లోనే. అంటే మెసేజ్ చెప్పే పదేళ్లు దాటిన బండి, 2015 మోడల్ అనుకుంటే, దాని ఓనరు భయపడి అమ్ముకోవాల్సిన పనేమీ లేదు. అయినా మూడు లక్షలకే ఇస్తున్నాడంటే ఎందుకో అడగాలి కదా.

అసలు బోల్తా పడేది "పదిహేను వేలు" దగ్గర. వేరే రాష్ట్రం బండికి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అదీ మీరు కొన్న ధర మీద కాదు, బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద. వయసు పెరిగేకొద్దీ శాతం తగ్గుతుంది, అంతే. లెక్క కోసం ఎనిమిది శాతం పడిందనుకోండి. మూడు లక్షల మీదైతే 24 వేలు. పన్నెండు లక్షల మీద 96 వేలు! ఢిల్లీలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి రీఫండ్ వస్తుందంటారు. నిజమే, రూలుంది. కాకపోతే ఇక్కడ కట్టిన రసీదు, కొత్త ఆర్‌సీ పట్టుకుని అక్కడి ఆఫీసులోనే అప్లై చేయాలి. బావగారు ఆ పని పాత ఓనరుకు అప్పజెప్పారు. ఆయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ఇక "ఏడాది దాకా ఎవరూ అడగరు". మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47లో 12 నెలల మాట ఉంది. అది కొత్త నంబరు తీసుకోవడం గురించి. పన్ను వేసేది రాష్ట్రం, దాని రూల్స్ దానివి. ఓనర్‌షిప్ మార్పుకు గడువు కూడా వేరే ఉంది, కొన్నవాళ్లు 30 రోజుల్లో తెలియజేయాలి. వీటన్నిటికీ ముందు ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదని పాత ఆర్టీఓ ఇచ్చే కాగితం, రావాలి. పాత చలానాలు ఉన్నా, ఆర్‌సీలో బ్యాంకు ఫైనాన్స్ పేరు కొట్టేయకపోయినా అది రాదు. బావగారికి ఈ రెండూ తగిలాయి. ఓనర్‌షిప్ మార్పుకు వాడే ఫారం 29, 30 ఖాళీవి, సంతకాలు పెట్టినవి చేతిలో పెట్టి "అయిపోయింది సార్" అన్న బ్రోకర్ మాట విని డబ్బంతా ఇచ్చేశారు మరి.

ఇన్సూరెన్స్ కూడా బండితో పాటే వస్తుందన్నాడు బ్రోకర్. థర్డ్ పార్టీ వరకు ఓకే. సొంత డ్యామేజీకి 14 రోజుల్లో మన పేరు మీదికి మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాళ్లదే, మనకు రాదు.

చివరగా బ్రోకర్ చెప్పిన ఇంకో మాట, "ఢిల్లీ ట్రాఫిక్‌లో బండ్లు పెద్దగా తిరగవు, మీటర్ చూస్తే తెలుస్తుంది". మీటర్ చూస్తే ఏమీ తెలీదు. డిజిటల్ మీటర్‌ను ల్యాప్‌టాప్ పెట్టి వెనక్కి తిప్పేస్తారు. అరిగిన బ్రేక్ పెడల్ రబ్బరును, నున్నబడిన స్టీరింగ్‌ను మాత్రం మార్చాలని ఎవరూ పట్టించుకోరు, అవి చూడండి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ టైరు తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 30 వేలే తిరిగిందన్న 2015 బండికి 2022 టైర్లు ఎందుకున్నాయో అడగండి.

మీటర్ కన్నా పెద్ద సంగతి నీళ్లు. 2023 జులైలో యమున 208.66 మీటర్లకు వచ్చి ఢిల్లీ వీధుల్లోకి పారింది. మన దగ్గరా 2020 అక్టోబరులో హైదరాబాద్ సెల్లార్లు, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదల్లో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. మునిగిన బండిని కడిగి, సీట్లు మార్చి, సెంటు కొడితే కొత్తదానిలాగే ఉంటుంది. బావగారి బండి చూడ్డానికి వచ్చిన మా మెకానిక్ బానెట్ కూడా ఎత్తలేదు. డ్రైవర్ సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగాడు. రోజూ బయటికి వచ్చే భాగం నల్లగా మెరుస్తోంది. చివరి జానెడు మాత్రం ఎండిన బురద రంగులో ఉంది, గోరుతో గీస్తే పొడి రాలింది. తర్వాత స్టెప్నీ టైరు తీసి కింద గుంట చూపించాడు. అంతా తుప్పు.

బండి ఇంకా డీఎల్ నంబరుతోనే మా సెల్లార్‌లో ఉంది. ఎంతకు కొన్నారని ఎవరైనా అడిగితే బావగారు ఇప్పటికీ "మూడే లక్షలు" అంటారు.