సవరణ: స్మాష్ ఆడేటప్పుడు చూడాల్సింది కార్నర్‌బ్యాక్‌ని

అమెరికన్ ఫుట్‌బాల్ పాసింగ్ రూట్ల (బంతి అందుకునే రిసీవర్లు పరిగెత్తే దారుల) గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది పెద్దది. కవర్ 2 (ఇద్దరు సేఫ్టీలు వెనక భాగాన్ని చెరో సగం కాచే డిఫెన్స్) మీద స్మాష్ (ఇద్దరు రిసీవర్లతో ఆడే పాసింగ్ ఎత్తు) ఆడేటప్పుడు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ సేఫ్టీని చూసి బంతి ఎవరికి వేయాలో తేల్చుకుంటాడని రాశాను. అది తప్పు. అతని చూపు ఉండాల్సింది అంచున కాపు కాసే కార్నర్‌బ్యాక్ మీద.

అంచున ఉన్న రిసీవర్ ఐదారు గజాలు పరిగెత్తి, టక్కున ఆగి క్వార్టర్‌బ్యాక్ వైపు తిరుగుతాడు. లోపలి రిసీవర్ పది పన్నెండు గజాలు నేరుగా వెళ్లి, సైడ్‌లైన్ వైపు ఏటవాలుగా మళ్లుతాడు. ఇప్పుడు కార్నర్‌బ్యాక్‌కి ముందొకడు, వెనకొకడు. ముందువాడి మీదికి వస్తే బంతి తన తల మీదుగా వెనకవాడికి వెళ్తుంది. వెనక్కి జరిగితే ముందువాడికి చిన్న పాస్. ఎటు కదిలినా ఇరకాటమే, నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. సేఫ్టీ సంగతి ఆ తర్వాత: అతను లోపలి నుంచి పరిగెత్తుకొస్తాడు కాబట్టి బంతిని సైడ్‌లైన్ వైపుకే వేయాలి.

రెండోది, వెస్ట్ కోస్ట్ అఫెన్స్ (చిన్న పాస్‌లతో ముందుకెళ్లే ఆటతీరు) శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిందన్నాను. కోచ్ బిల్ వాల్ష్ దానికి రూపమిచ్చింది సిన్సినాటి బెంగాల్స్ జట్టులో. 1969లో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ గ్రెగ్ కుక్ భుజం దెబ్బతింది. తర్వాత వచ్చిన వర్జిల్ కార్టర్ దూరం విసరలేడు కానీ గురి బాగుండేది. అతని కోసం అల్లినవే ఆ చిన్న పాస్‌లు. వాల్ష్ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఫార్టీనైనర్స్‌కి హెడ్ కోచ్ అయింది 1979లో.

పాత పోస్టు చూసి బొమ్మ గీసుకున్నవాళ్లు క్వార్టర్‌బ్యాక్ చూపు గీతను కార్నర్‌బ్యాక్ మీదికి మార్చుకోండి.