వేరుశనగ రైతు ఇల్లు గడిచే లెక్క

ప్రపంచంలో పండే కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. చాక్లెట్ వ్యాపారం ఎంత పెరిగినా తోట రైతు పేదరికం తీరలేదు. అందుకే 2019లో ఆ రెండు దేశాలూ ఒక్కమాట మీద నిలబడి, టన్నుకు 400 డాలర్లు అదనంగా ఇస్తేనే సరుకు ఇస్తామన్నాయి. రైతు ఇల్లు పరువుగా గడవాలంటే ఏడాదికి ఎంత కావాలన్న ప్రశ్నలోంచి వచ్చిన పట్టుదల అది. అనంతపురం వేరుశనగ రైతు విషయంలోనూ ఆ ప్రశ్న అడగాల్సిందే.

2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు రూ.7,263. సాగు ఖర్చుకు ఇంటిల్లిపాది కష్టం కలిపి, దానికి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామంటున్నారు. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ ఆ లెక్కలో లేవు. సరే, ఆ ధరే పైసా తగ్గకుండా దక్కిందనుకుందాం. ఐదెకరాల మెట్ట, ఎకరాకు నాలుగు క్వింటాళ్ల దిగుబడి. మొత్తం రూ.1,45,260. విత్తనం, సేద్యం, ఎరువు, కలుపు, కాయ కోత కూలీ కలిపి ఎకరాకు ఇరవై వేలు తీసేస్తే మిగిలేది రూ.45,260. నెలకు నాలుగు వేలు కూడా రాదు. ఇందులో బియ్యం కొనాలా, పిల్లల ఫీజు కట్టాలా, మందులు తెచ్చుకోవాలా?

అదీ వాన కలిసొచ్చిన ఏడాది మాట. జిల్లాలో ఏడాదికి సగటున కురిసేదే 550 మిల్లీమీటర్లు అటూఇటూ. పూత తర్వాత కాయ కట్టే ఊడలు మట్టిలోకి దిగే వేళ మూడు వారాలు వాన ముఖం చాటేస్తే, ఆ తర్వాతి జల్లులకు చేను పచ్చబడినా చెట్టు పీకి చూస్తే కాయల్లో గింజ ఉండదు. కాయ లేని ఎండు తీగ పశువులకు, అప్పు మనిషికి. ఇక కూలి పనికి బెంగళూరు బస్సెక్కడమే.

ధర ఒక్కటే పెంచితే సరిపోదని కోకో దేశాల్లోనూ తేలింది. అక్కడ అదనపు సొమ్ము ఇస్తూనే, కొనుగోలుదారులు అంతకుముందు ఇచ్చే మరో ప్రీమియంలో (అదనపు ధరలో) కోత పెట్టారు. 2024లో అంతర్జాతీయ మార్కెట్లో టన్ను పది వేల డాలర్లు దాటేసరికి తెగుళ్లతో, వాతావరణంతో దిగుబడి పడిపోయింది. పైగా ప్రభుత్వాలు ముందే పాత ధరలకు అమ్మకాలు ఖరారు చేసుకున్నాయి. ఆ పెరుగుదలలో రైతుకు చేరింది కొంతే. పంటుంటే రేటుండదు, రేటుంటే పంటుండదని మన రైతులు వాపోయేది ఇందుకే.

ఐదుగురున్న మెట్ట రైతు కుటుంబానికి ఏడాదికి ఎంత కావాలో జిల్లా యంత్రాంగం ముందు లెక్కగట్టి ప్రజల ముందుంచాలి. ఆ లెక్కకూ చేతికొచ్చేదానికీ ఉన్న తేడాను ఎలా పూడుస్తారో ఏటా చెప్పాలి. వేరుశనగలో కంది సాళ్లు వేసే రైతుకు కంది విత్తనం వేళకు అందాలి. హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం నీటితో చెరువులు నింపి, ఎండే పంటకు కనీసం ఒక్క తడైనా ఇవ్వాలి. బీమా సొమ్ము మరుసటి విత్తుకు ముందే ఖాతాలో పడాలి. అన్నిటికన్నా ముఖ్యం, కాయ కళ్లంలో ఉండగానే కొనుగోలు కేంద్రాలు తెరవాలి. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నాక ఏ రైతూ నెల రోజులు ఆగలేడు. ఈ ఖరీఫ్ కోతలకు ముందే కేంద్రాల జాబితా, తెరిచే తేదీలు ప్రకటించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.