చక్రం గాల్లో వేలాడుతుండగా బుష్ బోల్టు బిగించకండయ్యా!

పొద్దున్నుంచి వాట్సాప్ గ్రూపులన్నింట్లో ఒకటే వీడియో. "లోయర్ ఆర్మ్ ఇంట్లోనే మార్చుకోండి, లేబర్ డబ్బులు మిగుల్చుకోండి" అని. లోయర్ ఆర్మ్ అంటే చక్రాన్ని కింది వైపు నుంచి చాసిస్‌కి పట్టి ఉంచే ఇనుప చెయ్యి, అది చాసిస్‌కి తగిలే చోట ఉండే రబ్బరు ముక్కే బుష్. కుర్రాడికి పని వచ్చు, చెయ్యి చకచకా ఆడుతోంది. పాత ఆర్మ్ ఊడదీశాడు, కొత్తది ఎక్కించాడు. అంతా బాగుంది. చివర్లో, కారు జాకీ మీదే ఉండగా, చక్రం కిందికి వేలాడుతుండగా, బుష్ బోల్టుకి ఇంపాక్ట్ గన్ ఆనించి గర్రుమని బిగించేసి "అయిపోయింది ఫ్రెండ్స్" అన్నాడు. కింద కామెంట్లన్నీ దణ్ణాలూ చప్పట్లూ. అయిపోలేదు తమ్ముడూ! కొత్త బుష్ డబ్బాలోంచి తీసి పది నిమిషాలు కాలేదు, దాని ఆయుష్షు సగం అక్కడే తీసేశావు.

లోయర్ ఆర్మ్ బుష్ బేరింగు కాదు, అందులో తిరిగేదేమీ లేదు. బయట ఇనుప రింగు, లోపల ఇనుప గొట్టం, మధ్యలో రెండింటికీ అతుక్కుని రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టాన్ని బ్రాకెట్ రెండు వైపులా నొక్కి పట్టేస్తుంది. చాలా బుష్‌లకి ఆ గొట్టం అంచుల్లో సన్నటి పళ్లు కూడా ఉంటాయి, జారకుండా కరుచుకోడానికి. ఇక ఆర్మ్ పైకి లేచినా కిందికి దిగినా రబ్బరే మెలిపడాలి. కాబట్టి బోల్టు బిగించినప్పుడు ఆర్మ్ ఏ కోణంలో ఉంటే, రబ్బరు సేదతీరేది ఆ కోణంలోనే. వేలాడే చక్రంతో బిగించి కారు కిందికి దించారనుకోండి, ఇంటి ముందు ఊరికే నిలబడ్డ కారులోనూ ఆ రబ్బరు పిండిన తడిబట్టలా మెలితిరిగే ఉంటుంది. దానిమీద స్పీడ్ బ్రేకర్లు, గుంతలు. ఏళ్ల తరబడి రావాల్సింది నెలల్లో చిట్లుతుంది. బ్రేకు వేస్తే ఠక్కుమంటుంది, స్టీరింగ్ ఒక పక్కకి లాగుతుంది. అప్పుడు స్పేర్ పార్ట్స్ షాపుకెళ్లి "డూప్లికేట్ అంటగట్టావు" అని గొడవ. పార్టుదా తప్పు?

ఖర్చులేని పద్ధతి ఉంది కదా, అదెందుకు చూపించరు? కారు ఎత్తకముందు, చదునైన నేల మీద, చక్రం మధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. 37 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. ఆర్మ్ మార్చి, బుష్ బోల్టులు చేత్తో ఎక్కించి, ఊగకుండా మాత్రం పట్టేలా వదిలేయండి. తర్వాత రెండో జాకీ బాల్ జాయింట్ దగ్గర, అంటే చక్రం వైపు చివర, ఆర్మ్ కింద పెట్టి, ఆ కొలత మళ్లీ 37కి వచ్చేదాకా లేపండి. అప్పుడు బిగించండి. ఇలా లేపేటప్పుడు చాసిస్ కింది స్టాండు మీంచి కారు లేచిపోతోందేమో చూస్తూ ఉండాలి. అలా లేస్తుంటే ఆపేసి, చక్రాలు తగిలించి, కారుని గట్టి చెక్క దిమ్మెల మీదకి దించి బిగించుకోండి. ఇటుకల మీద మాత్రం వద్దు. ఇటుక ముందు చెప్పి పగలదు. స్టాండు లేకుండా ఉత్త జాకీని నమ్ముకుని కారు కిందికి దూరే పని అసలే వద్దు.

వెనక కూడా ఇదే లెక్క. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక ఉండే అడ్డ యాక్సిల్ బుష్‌లు, బొలెరో లాంటి బండ్ల వెనక స్ప్రింగు పట్టీల బుష్‌లు, అన్నీ బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. స్ట్రట్‌ని (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన కడ్డీ) నకిల్‌కి (చక్రం హబ్ కూర్చునే ఇనుప దిమ్మె) పట్టే రెండు బోల్టులకీ, బాల్ జాయింట్ బోల్టుకీ ఈ బాధ లేదు. అక్కడ మెలిపడే రబ్బరు లేదు కాబట్టి గాల్లోనే బిగించుకోవచ్చు.

ఇంక ఆ గన్ సంగతి. ఇంపాక్ట్ గన్ విప్పడానికి. బిగించడానికి కాదు. ఎంత బిగిసిందో దానికి తెలీదు, పట్టుకున్నవాడికీ తెలీదు. పానాకి పైపు తగిలించి వేలాడే బ్యాచ్ కూడా అంతే. పావు మీటరు పానా మీద 40 కిలోల బలం వేస్తే బోల్టు మీద పడే తిప్పుడు బలం, అదే టార్క్, 10 కేజీ మీటర్లు, అంటే దాదాపు 98 న్యూటన్ మీటర్లు. అదే బలం మీటరు పైపు చివర వేస్తే నాలుగింతలు, 390 దాటుతుంది. బోల్టు సాగిపోయి నడుము సన్నబడుతుంది. తిప్పేకొద్దీ తిరుగుతుంది గానీ గట్టిపడదు. ఆ క్షణాన దాన్ని తీసి పారెయ్యాలి. మనవాళ్లేమో "ఫుల్ టైట్ అన్నా" అని చక్రం ఎక్కించి పంపిస్తారు!

అసలు ఆ జాయింటుని పట్టి ఉంచేది బోల్టు లావు కాదు, సాగిన బోల్టు వెనక్కి లాగే లాగుడు. మనం పెట్టే బలంలో దాదాపు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది, ఇంకో 40 శాతం మర చుట్ల రాపిడికి. బోల్టుని సాగదీయడానికి మిగిలేది పదో వంతు. అందుకే పొడి మరలకి ఇచ్చిన టార్క్‌ని గ్రీసు పూసిన బోల్టుకి పెట్టకూడదు. రాపిడి తగ్గిన మేర బలమంతా సాగదీయడానికే పోతుంది. తుప్పు వదలడానికి ముందురోజు స్ప్రే కొట్టారా, మంచిదే. విశాఖ, కాకినాడ గాలికి అది లేనిదే బోల్టు కదలదు. విప్పాక మాత్రం వైరు బ్రష్‌తో రుద్ది, గుడ్డతో శుభ్రంగా తుడవండి. మొదటి ఐదారు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే మర వంకరగా పడిందని అర్థం, వెనక్కి తిప్పండి.

టార్క్ రెంచ్, అంటే పెట్టుకున్న టార్క్ రాగానే టక్‌మనే పానా, కొన్నవాళ్లకీ ఒక మాట. 40 నుంచి 210 న్యూటన్ మీటర్ల దాకా ఉండే రెంచ్‌తో 25 బిగించకండి. నట్టు వైపు తిప్పండి, బోల్టు తల కదలకుండా పట్టుకోండి. మాన్యువల్ తల వైపే తిప్పమంటే అది వేరు. నెమ్మదిగా లాగండి, మొదటి టక్‌కే ఆపండి. "సేఫ్టీకి" అని ఇంకో రెండు టక్కులు అనిపిస్తే ఇంకా బిగుస్తుంది. దాంతో బోల్టులు విప్పకండి. పనయ్యాక స్కేలు కింది అంకెకి తిప్పి పెట్టండి.

నైలాక్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేది) ఒకసారి విప్పారంటే కొత్తది వెయ్యాలి. స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే టై రాడ్ చివరి నట్టుకి పిన్ను కన్నం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి వదలకూడదు. "ఇంత టార్క్, ఆపైన 90 డిగ్రీలు" అని రాసి ఉన్న బోల్టులు సాగడానికే చేసినవి. కంపెనీ మార్చమంటే పాతది మళ్లీ పెట్టొద్దు.

"ఆ అంకెలు మాకెక్కడ దొరుకుతాయి?" అంటారు. నా అసలు మంట అక్కడే. కారుతో ఇచ్చే పుస్తకంలో చక్రాల నట్ల టార్క్ దొరికితే అదే గొప్ప. లోయర్ ఆర్మ్ బోల్టు అంకె కోసం వర్క్‌షాప్ మాన్యువల్ కావాలి, అదేమో బయటివాళ్లకి సులువుగా అందదు. 2014 ఆగస్టులో వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి దాదాపు 2,545 కోట్లు జరిమానా వేసింది ఇలాంటి వాటికే: బయటి మెకానిక్‌లకి స్పేర్ పార్టులు, పరికరాలు, రిపేరు సమాచారం అందనివ్వట్లేదని. తర్వాత అప్పీళ్లూ కోర్టులూ. 2022లో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ కూడా వేసింది. ఇవాళ్టికీ మా షెడ్డుల్లో పిల్లలు ఆ అంకె కోసం ఎవడో ఫోన్లో తీసిన మసక ఫోటో వెతుక్కుంటున్నారు. ఒక్క పేజీ కాయితం! 14 మిల్లీమీటర్ల బోల్టుకి ఎంత బిగించాలో చెప్తే ఏ రహస్యం బయటపడుతుంది? మా ప్రాణాలు వేలాడేది ఆ బోల్టు మీదే కదా.

వీడియో తీసిన తమ్ముడూ, కోపం నీ మీద కాదు. ఇంకా చెయ్యి దాటిపోలేదు. ఆ కారు చదును నేల మీద చక్రాల మీదే ఉంచి, బుష్ బోల్టులు వదులు చెయ్. ముందు బంపర్ మీద రెండు మూడుసార్లు నొక్కి ఊపు. ఆర్మ్ కుదురుకున్నాక అలాగే టార్క్ రెంచ్‌తో బిగించి, నట్టు మీంచి బ్రాకెట్ దాకా పెయింట్ గీత ఒకటి గియ్. వంద కిలోమీటర్లు తిరిగాక గీత చెదిరిందేమో చూసుకో. చక్రాలు అలైన్‌మెంట్ చేయించు. ఆ ముక్క కూడా వీడియో తీసి పాతదాని కింద పెట్టు.