ఫైబర్ వేశారా, కడిగి చూపించండి

సీసీ రోడ్డు వేసిన రెండేళ్లకే బీటలు పడితే మనూళ్లలో ఎవరూ ఏమీ అనట్లేదు, అలవాటైపోయింది. దీనికి మందు స్టీల్ గానీ ప్లాస్టిక్ గానీ సన్న పోగులు కలిపిన ఫైబర్ కాంక్రీటే అని ఇప్పుడు గట్టిగా చెప్తున్నారు. టెక్నాలజీ మంచిదే, మేం కాదనట్లేదు, రోడ్లకీ గోడౌన్ ఫ్లోర్లకీ అది రావాల్సిందే. కానీ ఏదో ఒక సంచి చించి కాంక్రీట్ కలిపే మిల్లర్‌లో పోసేసి ఫైబర్ రోడ్డు అని బిల్లు పెడితే మాత్రం ఒప్పుకునేది లేదు.

కాంక్రీట్‌ని నొక్కితే మోస్తుంది, లాగితే అందులో సుమారు పదో వంతుకే తెగిపోద్ది. పోసిన మొదటి గంటల్లో ఎండకీ గాలికీ పైతడి ఆరిపోయి వచ్చే సన్న నెర్రెల్ని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగులు ఆపుతాయి, 50 కిలోల బస్తాకి 125 గ్రాముల ప్యాకెట్ అని మనోళ్లు వేసేది అదే, రోడ్డులో దాని పని దాదాపు అంతవరకే. పగిలాక కూడా రెండు ముక్కల్నీ పట్టి ఉంచాలంటే కొసలు వంచిన స్టీల్ ఫైబర్ లాంటిది కావాలి, అది క్యూబిక్ మీటర్‌కి 20 నుంచి 40 కిలోల దాకా పడుద్ది. రెండూ ఒకటే అన్నట్టు అమ్మేవాళ్లున్నారు, ఇంటి స్లాబులో ప్యాకెట్ వేసి కడ్డీ తగ్గించుకోండి అనేవాళ్లూ ఉన్నారు, అది ప్రాణాల మీదకి తెచ్చే సలహా.

అలాగని ఆ ప్లాస్టిక్ పోగుని తీసిపారేయక్కర్లేదు. 1996 నవంబర్‌లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రం కిందున్న చానెల్ టన్నెల్‌లో లారీల్ని మోసే రైలు తగలబడినప్పుడు కాంక్రీట్ లైనింగ్ పెచ్చులు పెచ్చులుగా పేలి ఊడిపోయింది, లోపల చిక్కుకున్న ఆవిరికి బయటికి దారి లేక. ఈ పోగులుంటే 160 డిగ్రీల దగ్గర కరిగిపోయి ఆవిరికి దారి వదుల్తాయి. తర్వాత లండన్ దాకా వేసిన హైస్పీడ్ రైలు టన్నెళ్ల లైనింగ్ ముక్కల్లో (సెగ్మెంట్లు) స్టీల్, ప్లాస్టిక్ రెండూ కలిపి వాడారు.

మన దగ్గర గొడవంతా సైట్‌లోనే. ఫైబర్ పడగానే మాలు బిగుసుకున్నట్టు కనిపిస్తుంది, మేస్త్రీ వెంటనే ఇంకో బకెట్ నీళ్లు కొట్టమంటాడు, నీళ్లు పెంచకుండా మాలుని జారుగా చేసే అడ్మిక్చర్ వేయాల్సిన చోట నీళ్లు పడితే ఇంకేముంది, బలం అక్కడే పోయింది. స్టీల్ ఫైబర్ ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కట్టి ఒకచోట గుట్టగా, ఇంకోచోట అసలు లేకుండా పోద్ది. బీటలు ఎక్కడంటే అక్కడ పడకుండా రోడ్డుకి అడ్డంగా కోసే జాయింట్లు టైముకి కట్ చేయకపోతే, గట్లు కట్టి నీళ్లు నిలపకపోతే ఏ ఫైబరూ కాపాడదు.

రోడ్లకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ ఎస్పీ 46 గైడ్‌లైన్స్ ఉన్నాయి, 2013లో వాటిని రివైజ్ కూడా చేశారు, కాబట్టి రూల్ లేదన్న సాకు చెల్లదు. ఎస్టిమేట్‌లో ఒట్టి ఫైబర్ అని కాకుండా ఏ రకం, ఎంత పొడవు, క్యూబిక్ మీటర్‌కి ఎన్ని కిలోలు అనేది రాయాలి. పగిలాక ఎంత బరువు ఆపుతుందో చూసే బీమ్ టెస్ట్ రిపోర్ట్ లేకుండా బిల్లు పాస్ చేయకూడదు. ఇంతకన్నా సులువైన చెకింగ్ ఒకటుంది, పోసే రోజే మిల్లర్ నుంచి కొలిచి కొంత పచ్చి కాంక్రీట్ తీసి, నీళ్లతో కడిగి, అయస్కాంతంతో స్టీల్ ఫైబర్ ఏరి తూకం వేస్తే ఎన్ని కిలోలు పడిందో అక్కడే తేలిపోద్ది, ఆ పని ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఒక్కరే కాదు, వార్డు మెంబర్ల ముందు చేయాలి.